మల్లేశ్ కుడికాలు

పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఆగితే ఇప్పటికీ నా మోకాలు కుదురుగా ఉండదు. పక్కన కూర్చున్నవాళ్లు ఏంటండీ ఆ ఊపుడు అంటారు. ఏం చెప్పను? ఇన్నేళ్లుగా ఒక మాట లోపల పెట్టుకుని తిరుగుతున్నాను, అది నన్ను కూర్చోనివ్వదు, నిలబడనివ్వదు అని చెప్పనా? మా ఆవిడకే చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను.

అమీర్‌పేటంతా కంప్యూటర్ కోర్సుల బోర్డులతో నిండిపోయిన రోజులు. నేనూ గుంటూరు నుంచి కోర్సు కోసమే వచ్చాను. బుర్రకెక్కలేదు. మధురానగర్ వైపు సందులో ఒక గేర్‌బాక్సుల షెడ్డులో చేరాను. ఆ పని మాత్రం చేతికి పట్టుబడింది. ఇంగ్లీషు మాన్యువల్ చదవగలను గనక ఆటోమేటిక్ బండి ఏదొచ్చినా నాకే ఇచ్చేవారు. దాంతో కళ్లు కాస్త నెత్తికెక్కాయి.

అలా వచ్చిందే ఆ డీజిల్ ట్రక్కు. కోచింగ్ సెంటర్లకి జనరేటర్లు అద్దెకిచ్చే రావుగారిది, ఎవరో విదేశం నుంచి తెచ్చిన పాత బండి. దాని డ్రైవరు మల్లేశ్, జనగామ మనిషి. ఎప్పుడో ప్రమాదంలో ఎడమకాలు దెబ్బతింది, క్లచ్ తొక్కలేడు. ఈ ట్రక్కుకి క్లచ్ పెడలే లేదు, కుడికాలొక్కటి చాలు. ఊరంతా వెతికినా అతను నడపగల లోడు బండి అదొక్కటే. ఆ సంగతి నాకు బాగా తెలుసు. తెలియక చేశాననుకోకండి.

జనరేటర్ల బరువుకి గేర్‌బాక్సు కాలిపోతే మొత్తం విప్పాను. గేరుని పట్టి ఉంచే ప్లేట్లు ఎక్కువ బరువుకి తట్టుకునేవి వేశాను. ఆయిల్ చల్లబడటానికి ముందువైపు ఇంకో కూలర్ బిగించాను. ఇక మిగిలింది వాల్వ్ బాడీ. ఏ గేరుకి ఆయిల్ ఎప్పుడు వెళ్లాలో చూసేది అదే. లోపలి దారులు మహా సన్నం. గుడ్డ తగలనివ్వొద్దు, కడిగి గాలితోనే ఆరబెట్టాలని మాన్యువల్లో ఉంది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. గాలి కొట్టే కంప్రెసర్ ఆగిపోయింది. రావుగారేమో కరెంటు పోయింది గనకే బండి ఇప్పుడే కావాలని నెత్తిమీద నిలబడ్డారు. మా షెడ్డులో ఏం తుడవాలన్నా బనియన్ వేస్టే, ఆ పాత గుడ్డముక్కల మూటలోంచి గుప్పెడు లాగి తుడిచెయ్యడమే. నేనూ అదే చేశాను. ఏమవుతుందిలే అనుకున్నాను.

కొన్ని వారాలకే ఆ ట్రక్కు పంజాగుట్ట జంక్షన్లో చతికిలబడింది. ఇంజిను అరుస్తోందట, బండి కదలదట. షెడ్డుకి లాక్కొచ్చారు. వాల్వ్ బాడీ నేనొక్కణ్ణే విప్పాను. ఒక వాల్వుకి నీలం పోగు చుట్టుకుని ఉంది. దానివల్ల ప్రెషర్ చాలక ప్లేట్లు జారిజారి మాడిపోయాయి. పోగు తీసి జేబులో వేసుకున్నాను. ఆలోచించి చేశానా? చెయ్యి దానంతటదే వెళ్లిందని చెబితే బాగుంటుంది గాని, ఆ చెయ్యి నాదే కదా.

"ఇది డ్రైవరు తప్పా, పనిలో తప్పా?" అని రావుగారు అడిగారు.

"నేను ఎక్సలేటర్ గట్టిగ తొక్కలే సార్. గేర్ పట్టకుండ జారింది," అన్నాడు మల్లేశ్. నావైపు తిరిగాడు. "నువ్వు చెప్పన్నా. నీకెరుకే గదా."

"లోడు మీద బ్రేకు పట్టి ఎక్సలేటర్ తొక్కితే ప్లేట్లు ఇలాగే మాడతాయండి," అన్నాను.

చూశారా? అందులో ఒక్క ముక్కా అబద్ధం లేదు. చాలా ఏళ్లు దాన్నే పట్టుకుని వేలాడాను. మల్లేశ్ తొక్కాడని నేను అనలేదే, తొక్కితే ఏమవుతుందో చెప్పాను, అంతే కదా అని. ఎవర్ని మోసం చేద్దామని? రావుగారు అక్కడికక్కడే అతని దగ్గర తాళాలు తీసేసుకున్నారు.

రెండోసారి అంతా పద్ధతిగా చేశాను. గాలితోనే ఆరబెట్టాను. కొత్త డ్రైవరు చేతిలో ఆ బండి మళ్లీ జారలేదు. దాంతో తప్పు మల్లేశ్‌దేనని అందరికీ రుజువైపోయింది. నాకేమో మంచి పేరొచ్చింది.

అక్కడితో ఆగినా బాగుండేది. కొన్నాళ్లకి మల్లేశ్ షెడ్డుకి వచ్చాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. "అన్నా, నా కాలు యాడ తప్పు చేసిందో జర చూపియ్యవా? మళ్ల ఇసొంటి బండి దొరికితే గట్ల చెయ్యొద్దు గదా," అన్నాడు.

అప్పుడైనా చెప్పొచ్చు. షెడ్డులో ఇంకెవరూ లేరు. నేనేం చేశానో తెలుసా? రిపేరుకి వచ్చిన ఆటోమేటిక్ కారులో కూర్చోబెట్టి, ఎక్సలేటర్ మీద పాదం ఎంత ఆనించాలో నేర్పాను. బుద్ధిగా నేర్చుకున్నాడు. వెళ్తూ వెళ్తూ దణ్ణం కూడా పెట్టాడు. ఆ దణ్ణం తలుచుకుంటే ఈరోజుకీ ఒళ్లు మండుతుంది, నామీద నాకే.

అలాంటి బండి అతనికి మళ్లీ దొరకలేదు. తర్వాత పంజాగుట్టలో ఒక ఆసుపత్రి ముందు చూశాను, విజిల్ వేస్తూ ఎవరెవరివో కార్లు పార్కింగులో పెట్టిస్తున్నాడు. నన్ను చూసి చెయ్యెత్తాడు. చూడనట్టు పోయాను. ఇంకెప్పుడో ధైర్యం చేసి వెళ్తే అక్కడ లేడు. వెతికానా? వెతికానని నాకు నేను చెప్పుకోవడానికి సరిపడా వెతికాను.

క్షమించమని మిమ్మల్ని అడగను, క్షమించాల్సింది మీరు కాదు. పైకి అనేసినందుకు ఇప్పుడు కాస్త ఊపిరాడుతోంది. ఆ మాత్రానికీ నేను తగనేమో. అయినా సరే, ఒక్కసారి పూర్తిగా అంటాను. ఆ పోగు నేను తుడిచిన గుడ్డది. మల్లేశ్ కుడికాలు ఏ తప్పూ చెయ్యలేదు.