ఇంటరే చదివిన్నని చెప్పిన

కంపెనీల లెక్కలు చూసే సీఎంఏ చదువు పాసైనంక, కొలువు కోసం నేను తొక్కని గడప లేదు. జనగామ రైసుమిల్లుల అనుభవం లేదన్నరు. భూపాలపల్లిల ఒక కాంట్రాక్టరు, "ఇంత చదివినవ్, మా దగ్గర ఎన్ని రోజులుంటవమ్మా?" అని చాయ్ తాగించి పంపిండు. తక్కువైనా తప్పే, ఎక్కువైనా తప్పే. నాకు ఒళ్లు మండింది. మహబూబాబాద్ ఎరువుల దుకాణంల ఇంటరే చదివిన్నని చెప్పిన. బిల్లులు రాసే పనికి వెంటనే పెట్టుకున్నరు. ఇంట్ల మాత్రం లెక్కలు చూసే నౌకరి దొరికిందన్న.

నెల తిరగకముందే బాపు బయ్యారం నుంచి బస్సెక్కి దుకాణానికి వచ్చిండు. ఇస్త్రీ అంగి తొడుక్కున్నడు, సంచి నిండ మా చేన్ల మక్క కంకులు తెచ్చిండు. నేను గోదాంలకెల్లి వచ్చేసరికి సేటు ముంగట నిలబడి, "మా బిడ్డ సీఎంఏ పాసైంది సేటూ. మా ఊర్ల ఎవ్వలు గంత చదవలే. జర మంచిగ చూస్కోండ్రి" అంటున్నడు.

సేటు కంకులు తీస్కోని బాపుకు దండం పెట్టిండు. బాపు మంచినీళ్లకు బయటికి పోంగనే నా దిక్కు తిరిగిండు.

"అబద్ధం చెప్పినోళ్లను గల్లా కాడ ఎట్ల కూసోబెట్టుకోవాలె? రేపటి సంది రాకమ్మా."

బస్టాండ్ దాక ఖాళీ సంచి నేనే పట్టుకొని నడిచిన. బస్సు కదులుతుంటే బాపు కిటికీలకెల్లి తల బయటపెట్టిండు.

"నేనొచ్చి చెప్పింది మంచిగైంది గదా బిడ్డా?"

"మంచిగైంది బాపు" అన్న.