చెయ్యి మారిన చాప

ఎవరైనా బజారులో కొన్న మామిడి తాండ్ర తెచ్చి పెడితే నేను ముందు అడిగే మాట ఒకటే. ఇది ఎవరి చాప? తెచ్చినవాళ్ళు తెల్లబోతారు. కొట్లో కొన్న సరుకుకి చాప ఏమిటి, దానికి మనిషి ఏమిటి అనుకుంటారు. మా పిల్లలైతే నవ్వి, అమ్మకి మళ్ళీ ఆ సంగతి గుర్తొచ్చింది అంటారు. గుర్తు రావాలంటే మధ్యలో ఎప్పుడైనా మరిచిపోవాలి కదా. నేను మరిచిపోలేదు.

మాది విజయనగరంలో వ్యాపారం చేసుకునే ఇల్లు. ముందు కొట్టు, వెనక ఇల్లు, ఆ వెనక దొడ్డి. నాన్న పప్పులూ బెల్లమూ చింతపండూ అమ్మేవాడు. వేసవి వచ్చిందంటే దొడ్డిలో కాలు పెట్టడానికి చోటుండేది కాదు. ఒక పక్క వడియాలు, ఇంకో పక్క ఉప్పులో ఊరిన మామిడి ముక్కలు, మధ్యన నులక మంచాల మీద తాండ్ర చాపలు. రామతీర్థం దారిలో ఒక తోట నుంచి పీచు పళ్ళు బండి మీద వచ్చేవి. కోసుకు తినడానికి అవి పనికిరావు. పిసికి రసం తీసి, గుడ్డలో వడగట్టి, బెల్లం కలిపి, ఈత చాప మీద పలచగా పూయాలి. ఆ పూత ఎండాక మర్నాడు దాని మీద ఇంకో పూత. ఇలా రోజూ పూసుకుంటూ పోతే, తొలకరి మబ్బులు పట్టే వేళకి చాప మీద బొటనవేలి మందాన తాండ్ర తయారయ్యేది.

దీనికి మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. చాప మీద మొదటి పూత వేసిన చెయ్యే చివరి పూత దాకా వెయ్యాలి. మధ్యలో చెయ్యి మారితే తాండ్ర పులుస్తుందని నాయనమ్మ చెప్పేది. అందుకని ప్రతి చాపకీ ఒక మనిషి ఉండేది. ఇది అమ్మ చాప, అది నాయనమ్మ చాప. కోసే రోజున ఆ మనిషే కత్తి పట్టుకుని ముక్కలు కోసి, ఇంటిల్లిపాదికీ తన చేత్తో పంచేది. తరవాత ఏడాది పొడుగునా జాడీలోంచి ముక్క తీసినప్పుడల్లా అది ఎవరి చాపలోదో చెప్పుకుని తినేవారు. వచ్చిన చుట్టాలకి పెట్టినా అలాగే చెప్పి పెట్టేవారు. నాన్న పేరు కొట్టు ముందు బల్ల మీద రాసి ఉండేది. ఇంట్లో ఆడవాళ్ళ గురించి పదిమందిలో మంచిగా చెప్పుకునే సందర్భం, నేను చూసినంతలో, ఇదొక్కటే.

నాకు తొమ్మిదేళ్ళు వచ్చిన వేసవిలో నాయనమ్మ నాకోసం ఒక కొత్త చాప అల్లించింది. పెద్దవాళ్ళ చాపలో సగం ఉంటుంది. నేను దాన్ని కడిగి, ఆరబెట్టి, రాత్రి పక్కలో పెట్టుకుని పడుకున్నాను. మొదటి పూత వేసిన రోజున నాయనమ్మ పక్కనే కూర్చుని, అరచెయ్యి ఎలా వాల్చాలో, అంచుల దగ్గర పలచబడకుండా రసాన్ని ఎలా తోసుకు రావాలో చూపించింది.

"తొందరపడకే గుంటా. రసం సెప్పినట్టు నువ్వు ఇనాలి, నువ్వు సెప్పినట్టు రసం ఇనదు" అంది.

విన్నాను. నాలుగైదు పూతలు పడేసరికి నా చాప అమ్మ చాపకి ఏమీ తీసిపోలేదని నాన్న కూడా ఒప్పుకున్నాడు.

అవి యుద్ధం రోజులు. సముద్రం మీంచి జపాను విమానాలొచ్చి బాంబులు వేస్తాయని విశాఖపట్నంలో జనం ఇళ్ళకి తాళాలు వేసి, దొరికిన బండి ఎక్కి, లోపలి ఊళ్ళకి వచ్చేస్తున్నారు. మా మేనత్త కూడా ముగ్గురు పిల్లల్నీ, రెండు ట్రంకు పెట్టెల్నీ వెంటబెట్టుకుని ఓ మధ్యాహ్నం మా గుమ్మంలో దిగింది. మావయ్యకి హార్బరులో ఉద్యోగం. సెలవు ఇవ్వలేదని అక్కడే ఉండిపోయాడు. అత్త పెద్దకూతురు నాకంటే ఏడాది పెద్దది, నాకు వదిన అవుతుంది. ఆ పిల్ల మా ఇంట్లోకి వచ్చి నాలుగు పక్కలా చూసి అన్న మొదటి మాట, "మీ ఇంట్లో కరెంటు దీపాల్లేవేటి?"

ఆ మాట కూడా నాకు జ్ఞాపకం ఉంది.

అయితే ఆ వేసవి మా ఇంట్లో ఎంత సందడిగా గడిచిందో చెప్పకపోతే అబద్ధమవుతుంది. అత్త నవ్వించే మనిషి. పనసపండు కోసే రోజున చేతులకి నూనె రాసుకుని కత్తిపీట ముందు కూర్చుంటే మేం పిల్లలం చుట్టూ మూగేవాళ్ళం. "ఒరే, మీద పడకండిరా. తొనలు మీకు, పిక్కలు నాకు, తొక్క మీ మావకి పోస్టులో పంపుదాం" అనేది. పిక్కలు పొయ్యిలో కాల్చి, ఉప్పు చల్లి, మళ్ళీ మాకే పెట్టేది. బియ్యప్పిండి బెల్లం పాకంలో కలిపి, ఉండలు చేసి, నూనెలో వేయించి పోకుండలు చేసిందంటే, అవి చల్లారే దాకా ఎవరం ఆగేవాళ్ళం కాదు. మధ్యాహ్నాలు వదినా నేనూ చీకటి గదిలో నేల మీద చింతపిక్కలు ఆడేవాళ్ళం. ఆటలో ఆ పిల్ల దొంగాట ఆడేది కాదు. అది కూడా చెప్పాలి.

పొద్దున్నే నేను పూత వేస్తుంటే వచ్చి మంచం పక్కన నిలబడేది.

"ఇదంతా ఎందుకు? మా ఊళ్ళో బజార్లో దొరుకుతాది."

"అది ఎవరు సేసినారో నీకు తెలుసా?"

"తెలిస్తే తియ్యగా ఉంటాదేటి?" అనేది. అని, మళ్ళీ మర్నాడు వచ్చి అక్కడే నిలబడేది.

ఒక శుక్రవారం అమ్మ నాకు తలంటు పోసింది. కుంకుడు పులుసు కళ్ళలో పడి, మంట తగ్గేసరికి ఆలస్యమైంది. తడి జుట్టుతో దొడ్డిలోకి వచ్చేసరికి వదిన నా మంచం మీదకి వంగి ఉంది. చెయ్యి మణికట్టు దాకా రసంలో ఉంది. నా చాప సగం దాకా పూసేసింది.

"నా సాప అది" అన్నాను.

వదిన చెయ్యి ఆపలేదు. తల మాత్రం ఎత్తి, "అమ్మమ్మ పుయ్యమన్నాది" అంది.

నాయనమ్మ అరుగు మీద కూర్చుని పళ్ళు పిసుకుతోంది.

"నాయనమ్మా, సెయ్యి మారితే పులుస్తాదని నువ్వే కదా సెప్పినావు."

"పులిస్తే పులుస్తాది. ఎండ ఎక్కేస్తన్నాది, నువ్వు రాలేదు. ఒక్క పూత ఎయ్యనీయే. ఇల్లొదులుకుని వచ్చిన పిల్ల."

"అయితే నీ సాప మీద ఎయ్యమను."

ఆ మాటకి అమ్మ వంటింట్లోంచి తొంగి చూసి, పెద్దవాళ్ళకి ఎదురు చెప్పొద్దంది. అత్త నవ్వేసింది.

"ఓలమ్మ, ఈ గుంటకి ఎంత పౌరుషమే. అచ్చం మా అన్నయ్యే."

అందరూ నవ్వారు. నవ్వుతో ఆ సంగతి అక్కడితో అయిపోయిందనుకున్నారు. మర్నాడు నేను ముందే లేచి వెళ్ళాను. అప్పటికే నాయనమ్మ గిన్నె వదిన చేతిలో పెట్టింది. ఒక్క పూత అన్నది ఆ రోజు రెండో పూత అయింది. తరవాత ఇంక లెక్క లేదు. ఊరికే నిలబడ్డానని నా చేతికి కర్ర ఇచ్చి కాకుల్ని తోలమన్నారు. నా చాప మీద వాలే కాకుల్ని, అది నాది కాకుండా పోయాక, నేనే తోలాను.

కోసే రోజున కత్తి వదినకిచ్చారు. అందరికీ ఆ పిల్లే పంచింది. అత్త పక్కింటివాళ్ళని పిలిచి, "మా అమ్మాయి సాప, తిని సూడండి" అని పెట్టింది. నా వంతు వచ్చేసరికి నాకు అంచు ముక్క వచ్చింది. అంచు పలచగా, ఎండి చెక్కలా ఉంటుంది, ఎవరూ ఇష్టపడరు. నేను దాన్ని తిరిగి పళ్ళెంలో పెట్టేశాను.

మధ్యాహ్నం నాయనమ్మ నా పక్కన చేరగిలబడి తల నిమరబోతే పక్కకి జరిగాను. అయినా మెల్లగా చెప్పింది. ఆ పిల్ల వచ్చిన దగ్గర్నుంచి రాత్రిళ్ళు గోడవైపు తిరిగి ఏడుస్తోందట. వాళ్ళ నాన్న అక్కడ ఉన్నాడు, రేపు ఏమవుతుందో తెలియదు. నీకు ఇల్లుంది, నాన్న ఉన్నాడు, వచ్చే ఏడు ఇంకో చాప ఉంటుంది. దానికి చేతిలో ఏదో ఒకటి పెట్టాలి కదా అంది.

ఆ మాటల్లో తప్పు నాకు అప్పుడూ కనిపించలేదు, ఇప్పుడూ కనిపించదు. వదిన మీద జాలిపడాల్సిందే. కాని నాయనమ్మ ఆ జాలిని తన చాపలోంచి ఇవ్వలేదు. నా చాపలోంచి తీసి ఇచ్చింది. మంచిపేరు ఆవిడకి వచ్చింది, పోయింది నా చాప. పెద్దవాళ్ళు చేసే దానాల్లో ఇలాంటివి ఎన్ని ఉంటాయో తరవాత జీవితంలో చాలా చూశాను. ఇంటికొచ్చిన చుట్టాలకి మంచం ఇచ్చేటప్పుడు ఎవరి మంచం ఇస్తారు? ఎప్పుడూ ఆ ఇంట్లో చిన్నవాళ్ళదే. అడిగి ఇస్తే ఇచ్చినవాళ్ళకీ కాస్త గౌరవం దక్కుతుంది. నన్ను అడగలేదు. అడిగి ఉంటే ఇచ్చేదాన్నా? తెలియదు. తెలుసుకునే అవకాశం కూడా నాకు ఇవ్వలేదు.

ఇంకో సంగతి. ఆ తాండ్ర పులవలేదు. చెయ్యి మారినా పులవలేదు.

భయం తగ్గాక అత్తవాళ్ళు వెళ్ళిపోయారు. పోతూ ఆ చాపలో సగం తాండ్ర మూటకట్టుకుపోయారు. మిగిలిన సగం మా జాడీలో ఉంది. ఆ ఏడాదంతా నేను తాండ్ర ముట్టలేదు. ఎవరు పెట్టినా, "వదిన సాపలోది నాకొద్దు" అనేదాన్ని. అమ్మ తన చాపలోది పెట్టినా తినలేదు. నాన్న ఒకసారి భోజనాల దగ్గర, "కొట్లో ఎంతమంది బేరగాళ్ళతోనైనా ఏగగలను గాని, ఈ గుంటతో ఏగలేను" అన్నాడు. నాయనమ్మ నవ్వలేదు. నావైపు కాసేపు చూసి, మజ్జిగ పోసుకుంది.

మళ్ళీ వేసవి వచ్చింది. అత్త ఈసారి భయంతో కాదు, పుట్టింట్లో వేసవి గడపడానికి పిల్లలతో వచ్చింది. మావయ్య వాళ్ళని దింపి, కోసే రోజుకి మళ్ళీ వస్తానని వెళ్ళాడు. పళ్ళ బండి వచ్చిన మర్నాడు నాయనమ్మ దొడ్డిలోకి నన్ను పిలిచింది. మంచం మీద కొత్త చాప పరిచి ఉంది. పక్కనే వదిన నిలబడి ఉంది. అమ్మా అత్తా వంకాయలు తరుగుతూ అరుగు మీద ఉన్నారు.

"ఒసే, ఈ సాప నీది" అంది నాయనమ్మ. "మీ వదినకి సగం ఇస్తావేటి? ఇవ్వకపోతే లేదు. నిన్నే అడుగుతన్నాను."

అందరూ నావైపు చూశారు. కత్తిపీట చప్పుడు ఆగింది. ఏడాదిగా నేను దేనికోసం ఎదురుచూశానో నాకు ఆ నిమిషంలో తెలిసింది. నాయనమ్మ ముఖం మామూలుగానే ఉంది, బతిమాలుతున్నట్టు లేదు, కోపంగానూ లేదు. జవాబు కోసం ఊరికే చూస్తోంది.

"ఇవ్వను" అన్నాను.

అమ్మ ఏదో అనబోయింది. నాయనమ్మ చేత్తో ఆపింది.

"సరే. నీ సాప నువ్వే సూసుకో. కాకుల్ని తోలడానికి ఇది ఉంటాది" అని కర్ర వదిన చేతికిచ్చి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ పూటే, నేను మొదటి పూత వేస్తుంటే, వదిన కర్ర నేల మీద గీస్తూ అంది.

"నిరుడు నేనేం అడగలేదు. అమ్మమ్మే గిన్నె సేతిలో పెట్టేసినాది."

"వద్దనాల్సింది."

"వద్దనేదాన్నే. అది పూసేటప్పుడు మటుకు మా నాన్న గుర్తొచ్చేవోడు కాదు."

నేను రసం అంచు దాకా తోసుకొచ్చాను. వదిన లేచి, గోడ మీద వాలిన కాకిని అదిలించి వచ్చి, మళ్ళీ అక్కడే కూర్చుంది. ఆ వేసవంతా రోజూ అలాగే కూర్చుంది. ఎవరూ కూర్చోమనలేదు.

కోసే రోజు కత్తి నా చేతిలో ఉంది. ముందు నాయనమ్మకి పెట్టాను. ఆవిడ నోట్లో వేసుకుని, కాసేపు నమిలి, ఇంకో ముక్క అడిగింది. తరవాత నాన్నకి, అమ్మకి, అత్తకి, మావయ్యకి. వదిన వంతు వచ్చేసరికి అంచు ముక్క ఇచ్చాను. ఆ పిల్ల దాన్ని పళ్ళెంలో పెట్టెయ్యలేదు. చివరిదాకా నమిలింది.

"పులిసినాది" అంది.

"పులవలేదు."

"కొంచెం పులిసినాదే. బాగున్నాది, ఇంకోటి పెట్టు."

పెట్టాను. ఈసారి నడిమి ముక్క. తరవాత నేనూ ఒకటి తిన్నాను, ఏడాది తరవాత మొదటి ముక్క. ఒక్క చెయ్యే మొదటినుంచి చివరిదాకా వేసిన ఆ చాప, నిజమే, కాస్త పులిసింది. జాడీ ఖాళీ అయ్యేదాకా మా ఇంట్లో అందరూ అది నా చాపలోదని చెప్పుకునే తిన్నారు. పులుపు సంగతి ఒక్కరూ ఎత్తలేదు, వదిన తప్ప.