మూసిన చుక్క

ముత్తయ్య మా తాతకు అన్న. కామారెడ్డి స్టేషను దగ్గర దస్తగిరి సాబు ఫోటో దుకాణంలో పదేళ్లు పనిచేశాడు. మా వాళ్లలో ఎవరైనా ఆయన్ని "ఫోటోలు తీసే ముత్తయ్య" అంటే నాకు ఒళ్లు మండుతుంది. తీసేది దస్తగిరి సాబు. నల్లగుడ్డ నెత్తి మీద కప్పుకొని ఒకటి, రెండు, మూడు అనడానికి పెద్ద విద్య అక్కర్లేదు. తీసిన మొహాన్ని గోడకు తగిలించుకునే మొహంగా చేసి పంపింది మా పెద్దతాత. ఆ పనికి మనిషికి కావలసింది రెండే రెండు, చెయ్యి, కన్ను. చెయ్యి ఆయనకు చివరిదాకా ఉంది.

మాది ఎల్లారెడ్డిలో నకాషీల ఇల్లు. ఊరూరా తిరిగి కథలు చెప్పేవాళ్లకు గుడ్డ మీద బొమ్మలు వేసి ఇచ్చేవాళ్లం. కథలు వినేవాళ్లు తగ్గేసరికి బొమ్మలు వేయించుకునేవాళ్లూ తగ్గారు. 1930లో ముత్తయ్య ఉడుత తోక వెంట్రుకల కుంచెలు నాలుగు కండువాలో చుట్టుకొని, కాలినడకన కామారెడ్డి వచ్చి ఆ దుకాణం మెట్ల మీద కూర్చున్నాడు. భార్య అప్పటికే లేదు. ఒక్కతే కూతురు, లక్ష్మీనర్సమ్మ. నాకు మేనత్త వరుస అవుతుంది. ఈ సంగతులన్నీ ఆమె బీడీలు చుడుతూ నాకు చెప్పినవే.

ఆ రోజుల్లో ఫోటో గాజు పలక మీద పడేది. పలక మీద అంతా తిరగేసి ఉంటుంది. తెల్ల ధోవతి ఉండాల్సిన చోట నలుపు, నల్లజుట్టు ఉండాల్సిన చోట ఖాళీ గాజు. మొహం మీద మచ్చ ఉంటే పలక మీద అది చిన్న ఖాళీ చుక్క. అలాగే వదిలేస్తే కాగితం మీద నల్లగా దిగుతుంది. ముత్తయ్య కిటికీ దగ్గర కూర్చొని, కింద ఒక అద్దం పెట్టి ఎండను పలకలోంచి పైకి కొట్టించి, సూది మొనలా చెక్కిన పెన్సిలుతో ఆ చుక్కను పూడ్చేవాడు. దాన్ని చుక్క మూయడం అనేవాళ్లు. గుంపులోంచి ఒక్క మనిషిని విడదీయాలంటే ఆ మనిషి చుట్టూ ఎర్రరంగుతో గీత పట్టి, గీత బయట ఉన్నదంతా రంగుతో కప్పేయాలి. అది గీత పట్టడం. ఆయన బతుకంతా ఈ రెండు పనులే.

ఇందులో ఒక చిక్కు ఉంది. ఆ పలకలకు ఎరుపు కనబడేది కాదు. కుంకుమ బొట్టు కూడా పలక మీద ఖాళీ చుక్కగానే పడేది. అమ్మవారు పోసిన మచ్చకూ బొట్టుకూ తేడా ఉండదు. ఏది మూయాలో ఏది వదలాలో చూసేవాడికి తెలియాలి. భర్త పోయిన ఆడమనిషి పాత ఫోటో ఉంటే, ఇంటివాళ్లు తెచ్చి బొట్టు మూయించి మళ్లీ అచ్చు వేయించుకొని పోయేవాళ్లు. అట్లాంటి పలక వచ్చినప్పుడు దస్తగిరి సాబు నోటితో ఏమీ అనేవాడు కాదు. నుదుటి దగ్గర చిన్న కాగితం ముక్క అంటించి ముత్తయ్య ముందు పెట్టి బయటికి వెళ్లిపోయేవాడు. మంచి మనిషి. ఆ మంచితనమే మా కొంప ముంచింది.

లక్ష్మీనర్సమ్మను 1935లో ఎల్లారెడ్డిలోనే మావాళ్ల పిల్లవాడు బాలమల్లుకు ఇచ్చారు. రెండేళ్లకు బాలమల్లు బొంబాయి బట్టల మిల్లుకు పోయాడు. ఉండడానికి ఖోలీ దొరకగానే పిలుచుకుంటానన్నాడు. ఆ మరుసటి ఎండాకాలం లక్ష్మీనర్సమ్మకు అమ్మవారు పోసింది. ప్రాణం దక్కింది, మొహం మాత్రం జల్లెడ అయింది. అత్తవారు ఆమెను కచ్చడం బండిలో ఎక్కించి కామారెడ్డిలో తండ్రి ఇంట్లో దింపి పోయారు. ఆమె మొహం సంగతి ఎవరో బొంబాయి చేరవేశారు. ఉత్తరాలు ఆగిపోయాయి.

ఏడాది చూశాడు ముత్తయ్య. అల్లుడు పిలవకపోతే కూతురు బతుకు ఎటూ కాకుండా పోతుంది. ఆయనకు ఇంకో ఆలోచన లేదు, ఇంకో మాట లేదు. అన్నం ముందు కూర్చున్నా అదే. చివరికి 1939 వేసవిలో దస్తగిరి సాబుతో కూతురి ఫోటో తీయించాడు. మచ్చలన్నీ మూసి బొంబాయి పంపుతానన్నాడు.

"బాపు, నా మొఖం గిట్లనే ఉంటది గద. పోయినంక ఆయన సూడడా?" అంది లక్ష్మీనర్సమ్మ.

"ఒక్కసారి పిలువనియ్యి బిడ్డా. గడప కాడికొచ్చి నిలవడ్డ పెండ్లాన్ని ఎవడు ఎల్లగొడ్తడు?"

చాలామంది వెళ్లగొడతారు. ఆయనకు తెలియదా? తెలుసు. నలభై ఐదేళ్ల మనిషి, లోకం చూసినవాడు. కానీ వేరే దారి కనబడనప్పుడు మనిషి తన చేతిలో ఉన్న పనినే నమ్ముకుంటాడు. ఆయన చేతిలో ఉన్నది పెన్సిలు.

ఇక్కడే నాకు ఆయన మీద కోపం. అప్పటికే ఆయనకు చూపు పోతోంది. అంతకుముందు సంవత్సరం ఒక దొరగారి ఫోటో వచ్చింది. పాలోళ్ల తగాదాలో విడిపోయిన తమ్ముణ్ణి అందులోంచి తీసేయమన్నారు. ముత్తయ్య దొరగారి చుట్టూ గీత పట్టి, తమ్ముణ్ణి మొత్తం కప్పేశాడు. అచ్చు వేసి చూస్తే తమ్ముడు లేడు కానీ, అతని నాలుగు వేళ్లు అన్నగారి భుజం మీదే ఉన్నాయి. దస్తగిరి సాబు కడుపు పట్టుకొని నవ్వాడు. ముత్తయ్య కూడా నవ్వాడు. ఆ వేళ్లు ఆయనకు కనబడనే లేదు. ఆ మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు.

"జర భూతద్దం పెట్టుకోరాదె ముత్తన్నా," అన్నాడు దస్తగిరి సాబు.

"ముసలోండ్లు పెట్టుకుంటరు సాబ్ అది," అని తోసేశాడు. పెట్టుకుంటే చూపు తగ్గిందని ఒప్పుకున్నట్టు. ఒప్పుకుంటే పని పోతుందని భయం. ఆ దిక్కుమాలిన భూతద్దం బల్ల సొరుగులోనే ఉంది, చెయ్యి చాపితే అందేది. అందుకే నాకు కోపం.

ఇరవై రోజులు ఆ ఒక్క పలక మీద పనిచేశాడు. పొద్దున్నే దుకాణం తెరవకముందు, ఎండ కిటికీలో ఏటవాలుగా పడే వేళకు కూర్చునేవాడు. చుక్కలు ఒక్కోసారి రెండుగా కనబడేవి, ఒక్కోసారి మంచులో కరిగిపోయేవి. వేలి గోటితో పలక మీద చోటు పట్టుకొని, అక్కడ పెన్సిలు ఆనించేవాడు. బుగ్గలు, గడ్డం, ముక్కు పక్కలు, నుదురు. ఎక్కడ ఖాళీగా మెరిసినా మూశాడు. నుదుటి మీద మచ్చలు మరీ దగ్గర దగ్గరగా ఉన్నాయి. వాటి నడుమ, రెండు కనుబొమల మధ్య, ఇంకో చుక్క మెరిసింది. దాన్నీ మూశాడు.

తనే ఎండలో పెట్టి రెండు అచ్చులు తీశాడు. ఆయన కళ్లకు ఆ మొహం నున్నగా, మచ్చ లేకుండా కనబడింది. ఇక చూడాల్సింది ఏముంది? ఒకటి బొంబాయికి పంపి, రెండోది పెట్టెలో బట్టల కింద దాచాడు. లక్ష్మీనర్సమ్మ చూస్తానంటే చూడనివ్వలేదు.

"నీ దిష్టే తగులుతది నీకు," అన్నాడు నవ్వుతూ. ఏడాదికి ఆ ఇంట్లో నవ్వు వినబడడం అదే మొదలు.

ఆ అచ్చులు నీళ్ల తొట్టిలో ఉన్నప్పుడు దస్తగిరి సాబు అటుగా వచ్చి చూశాడు. ఏమీ అనలేదు. ఆ రోజు నుంచి ఆయన తీరు మారిపోయింది. చాయ్ తనే తెచ్చి బల్ల మీద పెట్టేవాడు. ఇంటి నుంచి ఖిచిడీ గిన్నె పంపించాడు. "ఇయ్యాల పని చాలు, ఇంటికి పో, బిడ్డ దగ్గర కూసో," అనేవాడు. ముత్తయ్యకు భయం పట్టుకుంది. సాబుకు నా కళ్ల సంగతి తెలిసిపోయింది, నేడో రేపో పొమ్మంటాడు, అందుకే ఈ దయ అనుకున్నాడు. ఇంకా వంగి, ఇంకా దాచుకొని పనిచేశాడు. ఆయన అడగలేదు, ఈయన చెప్పలేదు. రెండు నెలలు అట్లా గడిచింది.

వానలు మొదలయ్యాక బొంబాయి నుంచి ఉత్తరం వచ్చింది. లక్ష్మీనర్సమ్మకు చదువు రాదు. ముత్తయ్యకు వచ్చు. ఆమె బీడీల చాట పక్కన పెట్టి, తండ్రి ఎదుట నిలబడింది. ఆయన ఉత్తరాన్ని దగ్గరికి తెచ్చాడు, దూరం పెట్టాడు, గుమ్మంలోకి పోయి వెలుతురుకు పట్టాడు. కాగితం నిండా చీమలబారులే.

"ఏం రాసిండు బాపు?"

కళ్లు కనబడటం లేదని ఆ ఒక్క క్షణం చెప్పి ఉంటే ఎంత బాగుండేది. చెప్పలేదు. ఏడాది తర్వాత ఉత్తరం వచ్చిందంటే పిలవడానికి కాక ఎందుకు వస్తుంది అని ఆయన మనసు అప్పటికే పరుగెత్తింది.

"రమ్మన్నడు బిడ్డా."

ఆమె అక్కడే గోడకు జారగిలబడి కూర్చొని ఏడ్చింది. తర్వాత లేచి తనకున్న రెండు చీరలు మూట కట్టడం మొదలుపెట్టింది. ఏ రోజు రమ్మన్నాడో, ఏ రైలుకో తెలుసుకుందామని ముత్తయ్య ఉత్తరం చొక్కా జేబులో పెట్టుకొని దుకాణానికి పోయాడు. దస్తగిరి సాబు తెలుగు కూడబలుక్కొని చదువుతాడు. వానకు చూపు ఆనడం లేదని అబద్ధమాడి చేతికిచ్చాడు.

సాబు చదువుతూ ఆగిపోయాడు. మళ్లీ మొదటి నుంచి చదివాడు.

"ముత్తన్నా, నీ అల్లుడు బతికే ఉన్నడా?"

"అదేం మాట సాబ్?"

"చచ్చిపోయిండనుకున్న నేను. నీ బిడ్డ ఫోటోల బొట్టు మూసి ఉండె గద. అడిగితె నీ పానం నొస్తదని నోరు మూసుకున్న."

సాబు ఉత్తరం పైకి చదివాడు. "నా పెండ్లాం బొట్టు తీసేసిన ఫోటో అందింది. పిలుస్తలేనని, బతికుండంగనే నన్ను సంపి పంపిన్రు. మీ లెక్కల సచ్చినోణ్ణి మళ్ల బతికి ఏం జెయ్యాలె? నా కోసం ఇగ సూడకున్రి." కింద సంతకం. అంతే.

ముత్తయ్య ఇంటికి వెళ్లేసరికి మూట గుమ్మం దగ్గర ఉంది. ఆ మూట పక్కనే కూర్చొని మొత్తం చెప్పాడు. కళ్ల సంగతి కూడా అప్పుడే చెప్పాడు. లక్ష్మీనర్సమ్మ లేచి, పెట్టెలో బట్టల కింది నుంచి ఫోటో తీసి చాలాసేపు చూసింది.

"మచ్చలన్నీ పోయినయి బాపు," అంది.

మర్నాడు ఆయన ఆ పలకను మళ్లీ కిటికీ దగ్గర పెట్టాడు. మూసిన చుక్కను చాకు మొనతో గీకితే మళ్లీ తెరుచుకుంటుంది, బొట్టు దిగుతుంది. ఈసారి భూతద్దం పెట్టుకున్నాడు. అప్పటికి అదీ పనికిరాలేదు. చాకు నుదుటి మీది నుంచి జారి కంటి దాకా గీసుకుపోయింది. ఆయన పలకను బల్ల మీద పెట్టి, తల బల్లకు కొట్టుకున్నాడు. దస్తగిరి సాబు వచ్చి పట్టుకునేదాకా ఆపలేదు.

మిగిలింది పెట్టెలోని అచ్చు ఒక్కటే. లక్ష్మీనర్సమ్మ వేలు తడిపి కుంకుమలో అద్ది, ఆ ఫోటో నుదుటి మీద తనే బొట్టు పెట్టింది. జరిగిందంతా సాబు చేత రాయించి, ఆ ఫోటోతో పాటు పంపారు. రెండు నెలలకు కవరు అట్లాగే తిరిగి వచ్చింది. దాని మీద మరాఠీలో ఏదో రాసి ఉంది. స్టేషనులో అడిగితే, ఆ చిరునామాలో ఆ మనిషి లేడని చెప్పారు.

మరో ఏడాదికి ముత్తయ్యకు వెలుతురు, చీకటి తప్ప ఏమీ తెలియకుండా పోయింది. పని పోయింది. కూతురి బీడీల మీద ఇల్లు గడిచింది. పొద్దున లేవగానే ఆయన అడిగే మాట ఒక్కటే.

"బొట్టు పెట్టుకున్నవా బిడ్డా?"

"పెట్టుకున్న బాపు."

ఆ మాట వినేదాకా మంచినీళ్లు కూడా ముట్టేవాడు కాదు. అల్లుడు ఎక్కడో ఉన్నాడు, ఎప్పటికైనా వస్తాడు, తాను మూసింది ఉత్త పలక మీది చుక్క మాత్రమే అని రోజూ ఆమె నోటితో చెప్పించుకునేవాడు.

1942 వానాకాలం చివర రామారెడ్డి ఊరి మనిషి సాయిలు బొంబాయి మిల్లు నుంచి వచ్చాడు. బీడీల కార్ఖానా దగ్గర లక్ష్మీనర్సమ్మను వెతుక్కుంటూ వచ్చి చెప్పాడు. బాలమల్లు వేరే మిల్లుకు మారాడట. మూడు నెలల కిందట కలరాతో పోయాడట. ఆమె అక్కడే కొంగుతో నుదురు తుడుచుకుంది. గాజులు మాత్రం తీయలేదు. గాజుల చప్పుడు ఆగితే తండ్రికి తెలిసిపోతుంది. బొట్టుకు చప్పుడు ఉండదు. బొట్టు లేని నుదురుతో గాజులేసుకొని తిరుగుతున్నదని వాడంతా ఆడిపోసుకున్నా ఆమె తీయలేదు.

మర్నాడు పొద్దున ఆయన అడిగాడు. "పెట్టుకున్న బాపు," అంది. ఆ మర్నాడూ అంది. నెల రోజులు అట్లాగే చెప్పింది.

ఒక పొద్దున, "ఇటు రా బిడ్డా," అన్నాడు. దగ్గరికి పోయి కూర్చుంది. ఆయన చెయ్యి చాచి ఆమె మొహం పట్టుకున్నాడు. చూపుడువేలు నుదుటి మీద గుంటలను ఒక్కొక్కటే తడుముతూ వచ్చింది. ఒకప్పుడు తాను మూసినవే అన్నీ. రెండు కనుబొమల నడుమకు వచ్చి ఆగింది. అక్కడ కాసేపు ఉంచి, వేలు వెనక్కి తీసుకొని బొటనవేలితో రుద్ది చూసుకున్నాడు. కుంకుమ అంటలేదు.



"సక్కగ పెట్టినవు బిడ్డా," అన్నాడు ముత్తయ్య.

మర్నాటి నుంచి ఆయన అడగలేదు.