పిల్ల ఏడుపుతో పిలవనివాడు

మొన్న చింతామణి బస్టాండులో బాగేపల్లి బస్సు కోసం నిలబడి ఉంటే, బుడగలమ్మే మనిషి ఒకడు తడి వేలితో బుడగను రుద్దుకుంటూ నా పక్కనుంచి పోయాడు. సన్నగా కీచుమని మొదలై, మధ్యలో తెగి, మళ్ళీ గొంతు పట్టేసినట్టు లేచే చప్పుడు. పక్కనున్న చంటిది కిలకిలా నవ్వింది. నాకు మాత్రం ఒళ్ళు జలదరించింది. అది దెబ్బతిన్న కుందేలు అరుపు. ఆ అరుపును ఒక గడ్డిపోచతో పుట్టించి, ఉలవచేనికి అవతల ఎక్కడో ఉన్న నక్కను మన కాళ్ళ దగ్గరికి రప్పించగల మనిషి పక్కింట్లో నేను చాలా ఏళ్ళు కాపురం చేశాను. పేరు నాగిరెడ్డప్ప. ఆయన పోయి ఎంతో కాలమైంది. ఇప్పుడు తలుచుకున్నా నాకు ఏడుపు రాదు, కోపం వస్తుంది. ఆయన మీద కాదు.

నేను మండికల్ పిల్లను. గూళూరు పక్కనున్న ఊరికి కోడలిగా వచ్చేనాటికే ఆయనకు అరవై దాటాయి. వరసకు మామ అవుతాడు. చనిపోయినవాళ్ళ గురించి రాసేవాళ్ళంతా మంచివాడు, మెత్తనివాడు అని మొదలుపెడతారు. ఈయన అంత మంచివాడేమీ కాదు. మీసం మీదున్న శ్రద్ధ చేను మీద ఉండేది కాదు. పేకాటలో ఓడిపోతే ముక్కలు చింపి పారేసేవాడు. కూరలో ఉప్పు తగ్గితే ఆయన కేక మా వంటింట్లోకి వినబడేది. పంట కాపలాకని తండ్రి నాడు లైసెన్సు తీసుకున్న తుపాకి ఒకటి ఆ ఇంట్లో ఉండేది. ఎన్నికలొచ్చిన ప్రతిసారీ దాన్ని పోలీసు స్టేషనులో అప్పజెప్పి రావాలి. మళ్ళీ తెచ్చుకునేదాకా ఇంటిల్లిపాదికీ తిట్లే భోజనం. నక్కల్ని కాల్చడం చట్టం ఒప్పదని ఆయనకు తెలుసు, ఊరికీ తెలుసు. తెలిసి కూడా, గొర్రెపిల్ల పోయిన ప్రతివాడూ వచ్చి నిలబడేది ఆయన గుమ్మం ముందే.

నేనూ అలాగే వెళ్ళి నిలబడ్డాను. మాకు ఇంటి వెనక నాలుగు గొర్రెలుండేవి. వాటికి పుట్టిన పిల్లల్లో రెండింటిని నక్క ఎత్తుకుపోయింది. మా ఆయన పట్టు గూళ్ళ సంతలకని సాదలి వైపు తిరుగుతూ ఇంటిపట్టున ఉండేవాడు కాదు. నాగిరెడ్డప్ప మామ నా గోడంతా విని, పొద్దున్నే నువ్వూ రావాలి, పోయింది నీ గొర్రెపిల్ల కదా, చచ్చేది ఎట్లా చస్తుందో నీ కళ్ళతో చూడాలి అన్నాడు. వేటకు ఆడమనిషిని తీసుకుపోతావా అని ఆయన కొడుకు నవ్వితే, నువ్వు వస్తావా మరి అని అడిగాడు. కొడుకు దుప్పటి ముసుగుపెట్టుకున్నాడు.

తెల్లారుతూ ఉండగా చేనిగట్టు మీద ఒక బండకు ఆనుకుని కూర్చున్నాం. గాలి మన మొహాన కొట్టాలట; మన వాసన దాని ముక్కుకు పోయిందంటే పిలుపు ఎంత బాగున్నా దండగేనట. గడ్డిపోచను రెండు బొటనవేళ్ళ మధ్య బిగించి, పెదవులకు ఆనించి ఊదాడు. నా పక్కనే ఒక కుందేలు కంపలో చిక్కుకుని అల్లాడుతున్నట్టే ఉంది. కాసేపు ఊది ఆపేశాడు. మళ్ళీ ఊదలేదు. ఎందుకాపావని సైగ చేస్తే, చావబోయేది పాటకచేరీ పెట్టదు అన్నాడు. అంతలో ఉలవచెట్ల మధ్య రెండు చెవులు లేచాయి. అంత దూరం నుంచి ఆ జంతువు ఆ చిన్న చప్పుడును నమ్మి వచ్చింది. ఆయన కాల్చాడు. అది పడింది. నా గొర్రెపిల్లల కోపం నాలో సగానికి సగం అక్కడే చల్లారిపోయింది.

ఆ రోజే నక్కకొమ్ము కావాలని బాగేపల్లి నుంచి ఒక వ్యాపారి వచ్చాడు. నక్క తల మీద కొమ్ము ఉంటుందని, అది ఇంట్లో ఉంటే కలిసొస్తుందని జనం పిచ్చి. మామ వాణ్ణి వీధి చివరిదాకా తరిమాడు. ఉత్త చర్మానికి కొమ్మని పేరు పెట్టి అమ్ముకునే నీకన్నా నక్క నయం అని ఊరంతా వినేలా అరిచాడు. నక్కను తానే గుంట తవ్వి పూడ్చాడు. అంత కోపిష్టి కూడా చంపినదాన్ని అమ్ముకోలేదు, ఫొటో తీయించుకోలేదు. ఈ మాట ఎందుకంటున్నానో ముందు ముందు తెలుస్తుంది.

పిలుపు నాకూ నేర్పమని అడిగాను. ఆడదానివి నీకెందుకు అనలేదు. గడ్డిపోచ ఎంత వెడల్పుండాలో, ఊపిరి ఎక్కడ తెంచాలో చూపించాడు. కాల్చడం నేను నేర్చుకోలేదు, నాకు అక్కర్లేదు. వచ్చిన నక్కను దూరం నుంచి చూసి చప్పట్లు కొట్టి తరిమేసేదాన్ని. మామకు అది వెర్రితనంగా కనిపించేది. ఒకసారి ఆయన వసారాలో వేరుశనగలు ఒలుస్తూ, నక్కపిల్లల ఏడుపు ఏడిస్తే నక్కలు ఇంకా తొందరగా వస్తాయా అని అడిగాను. ఆయన చెయ్యి వెనకవైపు పెదవులకు ఆనించి, లోపలికి పీల్చుతూ, కళ్ళు తెరవని పిల్ల మూలిగినట్టు మూలిగాడు. అప్పుడే ఈని, పెరట్లో పిల్లలతో పడుకున్న మా కుక్క గోడ దూకి వచ్చింది. ఆయన చేతులు వాసన చూసింది, ఒడి కింద వెతికింది, నా కొంగు ఎత్తి చూసింది. తన పిల్లలన్నీ పెరట్లో క్షేమంగానే ఉన్నాయి. అయినా వెతకడం ఆపలేదు. మామ మొహం మాడిపోయింది. లోపలికి పోయి ముద్ద తెచ్చి పెట్టాడు. అది ముద్ద వైపు తిరిగి కూడా చూడలేదు.

అప్పుడు చెప్పాడు, "చూసినావా అమ్మా, దీనికి ఆకలి ల్యా. కుందేలు కూతకు వచ్చేది ఇంగొకదాన్ని చంపేకి వస్తాది. దాన్ని మోసం చేస్తే నాకు తప్పనిపించదు. పిల్ల ఏడుపుకు వచ్చేది కాపాడేకి వస్తాది. కాపాడేకి వచ్చినదాన్ని కాల్చేవాడు వేటగాడు కాడు. మా నాయన కాల్చలే, నేను కాల్చలే." ఇది ఏ శాస్త్రంలో ఉందో నాకు తెలియదు. ఆ ఇంటి మగవాళ్ళు తరతరాలుగా పాటించిన కట్టుబాటు, అంతే. ఇన్ని జంతువుల్ని చంపిన మనిషికి ఈ ఒక్క గీత ఏమిటని మీరు నవ్వవచ్చు. గీత లేనివాళ్ళు ఎలా ఉంటారో నేను చూశాను కాబట్టి నాకు నవ్వు రాదు.

చైనా ఫోన్లు కొత్తగా వచ్చిన రోజులవి. శివరాత్రికి ముందు చలిలో మా ఊరి గొర్రెలు వరసగా పోసాగాయి. గుట్ట మీద తోడేళ్ళ జంట ఉందని, ఆడది ఈనిందని కాపరులు చెప్పారు. బాగేపల్లి నుంచి కిశోర్ అనే కంట్రాక్టరు కొడుకు జీపులో స్నేహితులతో దిగాడు. కొత్త తుపాకి, నల్ల కళ్ళద్దాలు, ఊరికి మేలు చేయడానికి వచ్చానన్న మాటలు. గొర్రె పోయిన బాధ నాకు తెలుసు. ఊరివాళ్ళ కోపాన్ని నేను తప్పు పట్టను. కానీ వీడి గొర్రె ఒక్కటీ పోలేదు. వీడికి కావలసింది తోడేలు పక్కన నిలబడిన తన ఫొటో.

తోడేలును కూతతో రప్పించమని మామను అడిగారు. కుందేలు కూతతో రెండు ఉదయాలు పిలిచాడు. తోడేలు రాలేదు. అప్పుడు అందరి ముందూ కిశోర్ పిల్ల ఏడుపు ఏడవమన్నాడు. మామ కుదరదన్నాడు. ఎందుకని అడిగితే, నాకు చెప్పిన మాటే చెప్పాడు. జనం గొల్లుమన్నారు. తోడేలుకు కూడా అమ్మతనమా అని ఒకడు, పళ్ళూడి కూత రావడం లేదు, అది ఒప్పుకోలేక నీతులు చెబుతున్నాడని ఇంకొకడు. ఆయన ఎన్నో గొర్రెల్ని కాపాడిపెట్టిన ఊరు అది. పేకాటలో ఓటమినే ఓర్చుకోలేని మనిషి ఆ నవ్వంతా నిలబడి విన్నాడు. పైగుడ్డ దులుపుకుని ఇంటికొచ్చాడు. ఒక్క కూత కూసి వాళ్ళ నోళ్ళు మూయించగలడని నాకు తెలుసు. ఆ కూత గొంతులోనే ఉంచుకోవడం ఆయనకెంత కష్టమైందో పక్కనే నడిచిన నాకే తెలుసు.

మర్నాడు పొద్దున వాళ్ళే గుట్టెక్కారు. గుహలోంచి ఒక పిల్లను బయటికి లాగి, చెవి మెలిపెట్టి ఏడిపించి, ఆ ఏడుపును ఫోనులో ఎక్కించారు. కోతికి కొబ్బరిచిప్ప దొరికినట్టు దొరికింది వాళ్ళకా ఫోను. బండ మీద పెట్టి పెద్దగా వినిపించారు. ఆ ఏడుపు ఊళ్ళోకి కూడా వినబడింది. రెండు ఉదయాలు ఎంత పిలిచినా రాని తోడేలు, పట్టపగలు, ఇంతమంది మనుషుల వాసన తెలిసి కూడా, నేరుగా పరుగెత్తుకుంటూ వచ్చింది. తుపాకి చప్పుడు విని మామ చెప్పులు కూడా తొడుక్కోకుండా బయల్దేరాడు. నేను వెనకే పోయాను. మేము చేరేసరికి కొబ్బరికాయ కొట్టారు, కిశోర్ మెడలో బంతిపూల దండ పడింది. తోడేలు పొదుగు పాలతో బిగుసుకుని ఉంది. ఫోనింకా ఏడుస్తూనే ఉంది. ఆపాలని ఎవరికీ తోచలేదు. మామ వంగి ఆ ఫోను తీసి బండకేసి కొట్టాడు.

అక్కడితో ఆగి ఉంటే ముసలాయన చాదస్తమని ఊరు మరిచిపోయేది. ఆయన అట్నుంచి అటే బస్సెక్కి ఫారెస్టు వాళ్ళ దగ్గరికి పోయాడు. నేనూ వెంట ఉన్నాను. కాల్చినవాళ్ళ పేర్లు చెప్పాడు. అక్కడి అధికారి, మరి నువ్వు ఎప్పుడూ కాల్చలేదా అని అడిగాడు. మామ తల వంచలేదు. "కాల్చినా సార్. నక్కల్ని కాల్చినా. అదీ రాసుకోండి. ముందు వాళ్ళది రాయండి," అన్నాడు. ఏం జరిగిందో ఊహించడం కష్టం కాదు. ముందు రాసింది ఈయనది. నోటితో ఒప్పుకున్నాడు కదా, సాక్షి అక్కర్లేదు. తుపాకి పోయింది, లైసెన్సు పోయింది, చాలాకాలం కోర్టు చుట్టూ తిరిగాడు. కిశోర్ మీద సాక్ష్యం చెప్పేందుకు ఊళ్ళో మగవాడొక్కడూ కదల్లేదు. నేను చెబుతానంటే, కాల్చేటప్పుడు నువ్వు లేవు కదమ్మా అన్నారు. నిజం చెప్పినవాడికి శిక్ష, దండ వేయించుకున్నవాడికి జీపు. ఇన్నేళ్ళకూ ఆ అన్యాయం నాకు మింగుడు పడలేదు, పడకూడదు కూడా.

ఊరు ఆయన్ను వెలి వేసినంత పని చేసింది. బోరు నీళ్ళ వంతు తప్పించారు, పెళ్ళిళ్ళకు పిలవడం మానేశారు. సొంత కొడుకే ఊరి పరువు తీశావన్నాడు. గుహలో మిగిలిన పిల్లలు చచ్చిపోయాయి. ఆ ఎండాకాలం గొర్రెలు మళ్ళీ పోయాయి. ఈసారి కోళ్ళఫారం చెత్త తిని బలిసిన కుక్కలు పట్టడం అందరూ కళ్ళారా చూశారు. ఏ ఒక్కరూ మామ గుమ్మం దాకా వచ్చి తప్పైందనలేదు. ఆయన కూడా ఎదురుచూడలేదు. మా వసారాకు వచ్చి కూర్చుని, ఊరినీ, కొడుకునూ, నా కాఫీనీ ఎప్పటిలా తిట్టిపోసేవాడు. ఆ తిట్లతోనే ఒక వానాకాలంలో పోయాడు.

తర్వాత మేము బాగేపల్లి చేరి కుట్టుషాపు పెట్టుకున్నాం. పోయిన ఏడాది మా బావగారి కూతురు భవాని, తనకు నచ్చిన అబ్బాయిని పెళ్ళి చేసుకుని చిక్కబళ్ళాపురంలో కాపురం పెట్టింది. కులం వేరు. బావ, ఆయన తమ్ముళ్ళు కట్టగట్టుకుని మా షాపుకు వచ్చారు. బయట కారు నిలబెట్టారు. భవాని వాళ్ళ ఫోన్లు ఎత్తడం లేదట. నేనంటే దానికి నమ్మకమట. "మీ అమ్మ ఆసుపత్రిలో ఉండాది, కడసారి చూసిపో అని చెప్పు సరోజా. అది రావల్ల, అంతే. తక్కింది మేం చూసుకుంటాం," అన్నాడు బావ. వాళ్ళ వెంట వచ్చిన ఆ అమ్మ నిక్షేపంలా నా ఎదుట స్టూలు మీద కూర్చుని ఉంది. ఆమెకు ఏ జబ్బూ లేదు. కళ్ళెత్తి నన్ను చూసే ధైర్యం మాత్రం లేదు.

ఆ 'తక్కింది' ఏమిటో నేను అడగలేదు. బావ కళ్ళలోనే కనిపించింది. చేతిలో ఉన్న నా ఫోను కింద పెట్టి, "ఆ పిల్ల మీకు భయపడి రాదు బావా, ఆస్తికి ఆశపడి రాదు. వాళ్ళమ్మ కోసం అయితే పరిగెత్తుకోని వస్తాది. అందుకే నేను పిలవను," అన్నాను. తిట్టారు. మా ఆయన నచ్చజెప్పబోతే ఆయన్నూ తిట్టారు. ఇక మీ గడప తొక్కేది లేదని చెప్పి పోయారు, ఇప్పటికీ తొక్కలేదు.

నేను పిలవకపోతే ఇంకెవరో పిలుస్తారని నాకు తెలుసు. కారు వీధి మలుపు తిరగగానే భవానికి ఫోను చేశాను. ఎత్తింది. "మీ అమ్మ బాగుండాది. ఎవరు ఏడ్చి పిలిచినా రావొద్దు," అన్నాను.