ఎక్కని పచ్చగాజులు

తెల్లచీర కట్టుకున్న ఆడమనిషి బస్సు దిగితే ఊరు ఊరంతా తలుపులు వేసుకునే రోజులు కొన్ని ఉండేవి. డెబ్బైల మధ్యలో, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల హడావుడి జోరుగా నడుస్తున్న కాలమది. నేనేమో నర్సు ట్రైనింగు ముగించి, పెళ్లి చేసుకుని, కాళ్ల పారాణి ఆరకముందే ఉద్యోగంలో చేరినదాన్ని. అందులోనూ రిలీవరు ఉద్యోగం. అంటే ఎక్కడ ఏ సిస్టరు సెలవు పెడితే అక్కడికి నేను పరిగెత్తాలి. ఇవాళ నందిగామ, రేపు జగ్గయ్యపేట, ఎల్లుండి దేవుడెరుగు. మా ఆయన నందిగామలో బడిపంతులు. "మీ ఆవిడ ఏ ఊళ్లో ఉంటారండీ?" అని ఎవరైనా అడిగితే "బస్సులో" అనేవారు. (అబద్ధమేం కాదు. ఆ బస్సులో కాలు పెట్టడానికి చోటుండేది కాదు. అదృష్టం బాగుండి సీటు దొరికితే పక్కన నిలబడ్డావిడ తన చంటిదాన్ని నా ఒళ్లో పడేసి "కాస్త చూడమ్మా" అని వెనక్కి పోయేది. డ్యూటీ అక్కణ్ణించే మొదలు.)

అలా ఒకసారి జగ్గయ్యపేట నుంచి లోపలికి, మిరపచేల మధ్య మట్టిదారిలో ఉన్న ఒక ఊరికి వెళ్లాను. నేను అడుగుపెట్టగానే వీధిలో గడియలు పడుతున్న చప్పుడు వరసగా వినిపించింది. మగవాళ్లు చేలల్లోకి, ఆడవాళ్లు లోపలి గదుల్లోకి. ఒక్క ఇంటి అరుగు మీద మాత్రం మందపాటి కళ్లద్దాల ముసలావిడ నిమ్మళంగా వత్తులు చేసుకుంటూ కూర్చుంది. ఊళ్లో అందరూ ఆవిణ్ణి సోడాబుడ్డి మామ్మ అంటారట. "రామ్మా, కూర్చో. ఆపరేషను చేసే వయసు నాకెప్పుడో దాటిపోయింది, నాకేం భయం?" అంది. మంచినీళ్లిచ్చి, గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పింది. "ఎదురింటి పిల్ల తొలికాన్పుకి పుట్టింటికొచ్చింది. మొహం ఉబ్బింది. తలనొప్పి, కళ్లు మసకలంటంది. వాళ్లమ్మేమో పిల్ల ఒళ్లు చేసింది, దిష్టి తగులుద్దని మురిసిపోతంది. నాకెందుకో మంచిగా లేదమ్మా."

నెలలు నిండేటప్పుడు అలా ఉబ్బి, తలనొప్పి, చూపు మసకా వచ్చాయంటే రక్తపోటు ఎక్కినట్టు. ఫిట్స్ గనక వస్తే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కరు. అప్పటికప్పుడే వెళ్లి ఎదురింటి తలుపు తట్టాను. వాళ్లమ్మ తలుపు ఓరగా తీసి "మా అమ్మాయి లేదండీ, అత్తారింటికెళ్లింది" అంది. సరిగ్గా అప్పుడే లోపల్నించి "అమ్మా, మజ్జిగ!" అని కేక. ఆవిడ నా మొహం చూసింది, నేను ఆవిడ మొహం చూశాను. తలుపు పడింది.

ఓడిపోయి అరుగెక్కిన నన్ను చూసి మామ్మ నవ్వింది. "రేపు ఆ పిల్లకి గాజులు తొడుగుతున్నారు. ముత్తైదువలంతా వెళ్తారు. నేను తొడగకూడదు. నువ్వు కొత్త ముత్తైదువ్వి గదా! అడిగితే మా చెల్లెలి మనవరాలివి, నందిగామ నుంచొచ్చావని చెబుదాం. ముందా తెల్లచీర విప్పు, ఓరతలుపులోంచి చూసిన మొహం ఎవరికి గుర్తుంటుంది!" ఆ రాత్రి మామ్మ ఇంట్లోనే ఉండిపోయాను. మర్నాడు ఆవిడ తన కూతురి చిలకపచ్చ పట్టుచీర నాకు చుట్టబెట్టింది. (జాకెట్టులో నాలాంటి వాళ్లు ఇద్దరు పడతారు. పిన్నీసులతో వెనక నుంచి బిగించింది.) బీపీ పెట్టెను పండ్లబుట్ట అడుగున పెట్టి, పైన అరటిపళ్లు పరిచాం. తల నిండా పూలు, చేతిలో బుట్ట. అలా వెళ్లాను పేరంటానికి.

ఆ పిల్ల నిజంగానే నిండుచందమామలా ఉంది, ఆ నిండుదనమే నన్ను భయపెట్టింది. నా వంతు వచ్చింది. పచ్చగాజు తీసి చెయ్యి అందుకున్నాను. గాజు వేళ్ల మొదట్లోనే ఆగిపోయింది. "పోయిన నెలలో దీనికి ఎక్కిన కొలతేగా, చూసే కొన్నా" అంది వాళ్లమ్మ. కొబ్బరినూనె రాయమని ఒకరు, సబ్బు తెమ్మని ఒకరు. గట్టిగా తోస్తే పగులుతుంది, పేరంటంలో గాజు పగిలితే ఇంకేమన్నా ఉందా! మెల్లగా చేతి వెనక వేలితో నొక్కి చూశాను. పడిన గుంట పడినట్టే ఉండిపోయింది. అంతే, నేను నందిగామ చుట్టాన్నన్న సంగతి పూర్తిగా మర్చిపోయి, వార్డులో అడిగినట్టు గట్టిగా "కళ్లముందు మెరుపులొస్తున్నాయా? ఒంటేలు సరిగ్గా అవుతోందా?" అని అడిగేశాను.

పసుపు రాస్తున్న చేతులు ఆగిపోయాయి. వాళ్లమ్మ అందరినీ వసారాలోకి పంపేసి నా ఎదురుగా కూలబడింది. "పేరంటానికొచ్చినోళ్లు ఒంటేలు సంగతి అడుగుతారంటమ్మా? ఆ అరటిపళ్ల కింద దాచిందేందో బయటికి తియ్యి" అంది. నేను అరటిపళ్లు పక్కకి జరిపి బీపీ పెట్టె బయటికి తీశాను. "నిన్న తలుపు దగ్గర చూసిన మొహమేగా. గడప దాటినప్పుడే నీ చేతులు స్పిరిటు వాసన కూడా వేశాయిలే" అంది.

"తెలిసి కూడా ఎందుకు రానిచ్చారండీ?"

ఆవిడ కూతురి ఉబ్బిన చెయ్యి తన ఒళ్లోకి తీసుకుంది. "రాత్రి దీనికి గాజులు తొడిగి చూశా, ఎక్కలా. గుండె జారిపోయింది. నర్సమ్మని పిలిస్తే ఇంట్లో మగాళ్లు ఊరుకోరు. పేరంటాలైతే రానియ్యొచ్చు గదా."

బీపీ చూశాను. పాదరసం ఎక్కిన ఎత్తు చూసి చేతికి చుట్టిన పట్టీ విప్పేశాను. వెంటనే ఆసుపత్రికి పోవాలన్నాను. "కాన్పుతో పాటు ఆపరేషను కూడా చేసేస్తారంటగా. దీనికిదే తొలిచూలు. చెయ్యనియ్యనని ఒట్టెయ్యి. నువ్వు బండెక్కితేనే మేమూ ఎక్కేది" అంది. అడ్డుపడబోయిన ఇంటాయనకి "చుట్టాలమ్మాయి జగ్గయ్యపేట పోతందంట, దిగబెట్టొస్తాం" అని చెప్పి, ఆవిడే దగ్గరుండి ఎడ్లబండి కట్టించింది. ఒట్టేసి, పట్టుచీరతో, పూలతో నేనూ బండెక్కాను. దారి పొడుగునా ఆ పిల్ల తల నా ఒళ్లోనే. జగ్గయ్యపేటలో డాక్టరమ్మ నన్ను కిందా మీదా చూసి "పేషెంటెవరు, పెళ్లికూతురెవరు?" అంది. సూదిమందు ఇచ్చి బెజవాడ పంపించారు. తల్లీ బిడ్డా దక్కారని సోడాబుడ్డి మామ్మ కబురు పంపేదాకా నాకు ముద్ద దిగలేదు.

ఆ తర్వాత నన్ను ఎక్కడెక్కడికో తిప్పారు. కొన్నాళ్లకి నందిగామ ఆసుపత్రి వరండాలో కట్లు కడుతుంటే ఎవరో వచ్చి ఎదురుగా నిలబడ్డారు. ఆ తల్లి! పక్కన సన్నబడ్డ కూతురు, చంకలో బొద్దుగా మనవడు. నాకోసం జగ్గయ్యపేట, వీరులపాడు, మళ్లీ నందిగామ, అన్నీ బస్సుల్లోనే తిరిగిందట. "రిలీవరమ్మని పట్టుకోవటం కంటే తూనీగని పట్టుకోవటం తేలిక" అని కొంగుముడి విప్పింది. అవే పచ్చగాజులు.

"వాపు దిగింది. ఆరోజు సగంలో ఆపావు గదా, ఇప్పుడు తొడుగు."

"ఉండండి, చీర మార్చుకుని వస్తా. తెల్లచీరతో గాజులు తొడగటం బాగుండదేమో..."

"ఈ చీరతోనే తొడుగు," అంది ఆవిడ.

స్పిరిటు చేతులతోనే తొడిగాను. ఏ అడ్డూ లేకుండా గలగలమంటూ మణికట్టు దాకా జారిపోయాయి. నాకే కళ్లు మసకలు కమ్మాయి.

ఇప్పుడు నావి కీళ్లవాపుల చేతులు. గాజుల కొట్టులో అమ్మాయి సబ్బు రాసి, తిప్పలు పడి, "మామ్మగారూ, పెద్దసైజు తీసుకోండి" అంటుంది. నేను వెంటనే వేలితో చేతి వెనక నొక్కి, గుంట పడిందేమోనని చూసుకుంటాను. పక్కన మా ఆయన "ఈ వయసులో ఆ భయం లేదులే" అని నవ్వుతారు. నేనూ నవ్వుతాను, ఆ జాకెట్టు నిండా పిన్నీసులతో బండెక్కిన ఆనాటి కొత్త నర్సుపిల్ల గుర్తొచ్చి. గాజులు మాత్రం ఇప్పటికీ పచ్చవే కొంటాను.