రెండోసారి మోగిన రాణి వరస

హెట్టీ లార్కోంబ్‌కు అనుమానం పట్టిందంటే, అది తేలేదాకా గొంతులో ముద్ద దిగదు. అది ఆమె జబ్బనే అనుకోండి.

ఇంగ్లండులో డెవన్ సీమలోని ఒక ఊరి చర్చి గోపురంలో అన్నిటికన్నా చిన్నదైన ఒకటో గంట తాడు ముప్ఫయ్యేళ్ళుగా ఆమెదే. మిగతా వారమంతా రొట్టెల దుకాణంలో కొలువు. మొన్న శనివారం అక్కడ నిండు మోత మోగించారు. ఒకటిని రెండుతో, వచ్చినదాన్ని మూడుతో, అలా ఏడుదాకా హెచ్చవేస్తే ఐదువేల నలభై. ఏడు గంటలను పేర్చగల వరసలు సరిగ్గా అన్నే. అన్నీ మోగాలి, ఏదీ రెండోసారి రాకూడదు. ఒకటి రెండుసార్లు వచ్చిందంటే ఇంకొకటి ఎగిరిపోయినట్టే. అప్పుడా మోత అబద్ధం కింద లెక్క.

వరసలు మార్చమని కేకేసి నడిపించింది ఆమె అన్న ఎడ్విన్. మోకాళ్ళు అరిగిపోయిన మనిషి, మళ్ళీ ఆ మెట్లెక్కే ఆశ లేదు. మోగించినవాళ్ళ పేర్లు ఒకటో గంట మొదలుకొని గోపురంలోని చెక్క పలక మీద రాయడానికి గురువారం పెయింటర్ వస్తున్నాడు. హెట్టీ పేరు పలక ఎక్కడం ఇదే మొదటిసారి. ఆ సంబరంలో టోపీకి కొత్త రిబ్బను కూడా కొనుక్కుంది పిచ్చిది.

కానీ గంటలవాళ్ళు చెవి కోసుకునే రాణి వరస రెండుసార్లు వినబడింది. ముందు బేసి గంటలు, వెనకే సరి గంటలు. ఒకటి, మూడు, ఐదు, ఏడు, రెండు, నాలుగు, ఆరు. చెవులున్న ఏ గంటల మనిషీ దాన్ని పోల్చుకోకుండా ఉండలేడు. రెండో గంట కొట్టే మాంసం కొట్టు ఆసామిని గుచ్చి గుచ్చి అడిగితే నీళ్ళు నమిలాడు. ఐదో గంట కొట్టే టీచరమ్మ వాన సంగతి ఎత్తుకుంది. అందరూ విన్నారు, అందరూ నోరు కుట్టేసుకున్నారు. ముసలివాడు మతిమరుపులో తప్పు పిలిచాడని జాలిపడుతున్నారా? హెట్టీ కూడా అలాగే అనుకుని, మంగళవారం టీ వేళకు అన్న ఇంటికి వెళ్ళింది.

"అన్నయ్యా, ఐదువేల నలభైలో రాణి ఎన్నిసార్లు రావాలి?"

"పసిపిల్లాణ్ణి అడిగినట్టు అడుగుతావేంటే. ఒక్కసారి."

"మరి మొన్న?"

ఎడ్విన్ చేతిలోని కేకు ముక్క పళ్ళెంలో పెట్టేశాడు. "మతిపోయి కాదు. కావాలనే తిప్పాను. ఇంకోసారి వినకుండా ఆ మెట్లు దిగడానికి మనసొప్పలేదే."

హెట్టీకి ఒళ్ళు మండింది, జాలీ వేసింది. దానికోసం ఏ వరస ఎగరగొట్టావని అడిగింది.

"ఏమో. మంచి చప్పుడు లేనిది ఏదో. దాన్ని వెతుక్కునేవాళ్ళెవరు?"

ఆ మాట ఆమెకు సూటిగా తగిలింది. పలక మీద తన పేరు లేదేమని ఈ ముప్ఫయ్యేళ్ళలో అడిగినవాడు ఒక్కడూ లేడు. టీ సగంలో వదిలేసి లేచి వచ్చేసింది.

గురువారం పెయింటర్ రంగు డబ్బా మూత తీసేలోపే హెట్టీ గోపురంలో ఉంది. మోత అబద్ధమని, రాయొద్దని చెప్పింది. అలా చెప్పడానికి నువ్వెవరమ్మా అన్నాడతను, చేతిలోని పేర్ల చీటీ చూసుకుంటూ.

"నీ చీటీలో మొదటి పేరు నాదే," అంది హెట్టీ. "అక్కణ్ణించే కొట్టెయ్."