కోటయ్యకు ఇవ్వని మంచినీళ్ళు

వానాకాలంలో రాళ్ళుప్పు జాడీ మూత తీస్తే ఒక తడి వాసన వస్తుంది. ఉప్పుకి వాసనేమిటని మా కోడలు నవ్వుతుంది గానీ, బెజవాడ భవానీపురంలోని ఈ మూడో అంతస్తు వంటింట్లో ఆ జాడీలో చెయ్యి పెట్టినప్పుడల్లా నా అరచేతులు చల్లబడతాయి. తొమ్మిదేళ్ళ పిల్లనై, పామర్రు దగ్గర మా ఊళ్ళో, కాలవగట్టు కిందున్న పెంకుటింట్లో, బయట అరుగు మీద కూర్చున్న మనిషికి వినపడకుండా జాడీ మూత తీస్తున్నట్టే ఉంటుంది.

డెబ్బైల మొదట్లో మా ఊరివాళ్ళకి నీళ్ళ గురించి తెలిసినంతగా మరి దేని గురించీ తెలీదు. చుట్టూ వరిచేలు, ఎటు చూసినా నీళ్ళే, బావి తవ్వితే మాత్రం ఉప్పే పడేది. కాలవ నీళ్ళు బిందెలతో తెచ్చుకుని, కుండ లోపలి అంచుకి ఇండుపగింజ అరగదీసి, బురదంతా అడుక్కి దిగేదాకా పిల్లలెవరూ కదపకుండా కాపలా కాసి, పైతేట వేరే కుండలోకి వంచుకుని తాగేవాళ్ళం. ఎండాకాలం కాలవ కట్టేశాక ఆ భాగ్యమూ ఉండేది కాదు. మడుగుల్లో మిగిలిన పచ్చటి నీళ్ళ కోసం అమ్మ తెల్లారకముందే మైలు దూరం నడిచి, చీర కుడివైపంతా తడుపుకుని, ఒక్క బిందెతో తిరిగొచ్చేది.

అది చూడలేక నాన్నగారు బావి తవ్వించారు. ఆయన బళ్ళో మేష్టారు, రెండు నెలలకోసారి జీతం చేతికొస్తే ఇంట్లో పండగే. కోటయ్య అనే మేస్త్రీ ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని మే నెల ఎండలో వచ్చాడు. నూట ఇరవై రూపాయలకు బేరం కుదిరింది, సగం ముందు, మిగతా సగం మంచినీళ్ళు పడ్డాక. వారం రోజులు తవ్వి, గుండ్రటి సిమెంటు వరలు ఒకదానిమీదొకటి దించి, పద్దెనిమిది అడుగుల లోతున ఊట చూపించాడు. నాన్నగారు దోసిలితో నోట్లో పోసుకుని తుపుక్కున ఉమ్మేశారు. కాలవ కట్టేసి ఉండబట్టి ఇలా ఉన్నాయనీ, రెండు వానాకాలాలు గడిస్తే గట్టు కిందనుంచి ఊట మారి నీళ్ళు తియ్యబడతాయనీ కోటయ్య చెప్పాడు. ఉప్పునీళ్ళకి డబ్బెలా ఇవ్వమంటావని ఈయన, పని చేయించుకుని కూలి ఎగ్గొడతారా అని అతను, ఇద్దరూ మాటలు పెంచుకున్నారు. చివరికి అతను నీళ్ళు మారాక వస్తానని చెప్పి, గునపాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం ప్రార్థన అయ్యాక మా నాయనమ్మ, భూమిలోకి దిగి పనిచేసినవాడి ఉసురు ఊరికే పోదనీ, అది బావిలోనే కూర్చుంటుందనీ అంది. ప్రార్థనలో ఏమడిగిందో నాకు గుర్తు లేదు గానీ ఈ మాట మాత్రం ఎముకల్లో దిగిపోయింది.

రెండో వానాకాలం వెళ్ళిన డిసెంబర్లో ఒకరోజు, కాలవ నీళ్ళు అయిపోయాయని అమ్మ గిన్నెలు తోముకునే బావినీళ్ళతోనే కందిపప్పు పొయ్యిమీద పెట్టింది. ఉప్పునీళ్ళకి పప్పు పొద్దస్తమానం మరిగినా పలుకు విరగదు. ఆ రోజు గరిటె తగిలితే చాలు, మెత్తగా చితికిపోయింది. అందరం బావి దగ్గరికి పరిగెత్తి, చేద లాగి, చేతులతో పట్టుకుని తాగాం. అంత తియ్యటి నీళ్ళు నేను మళ్ళీ తాగలేదు. ఆ క్రిస్మస్‌కి అరిసెల పాకం, గులాబీపువ్వుల పిండి అన్నీ ఆ నీళ్ళతోనే కలిపాం. అమ్మ ఎన్నాళ్ళకో మధ్యాహ్నం పూట కాళ్ళు చాపుకుని కూర్చుంది.

ఆ సంతోషం వెనకాలే భయం వచ్చింది. నీళ్ళు మారాయని తెలిస్తే కోటయ్యకి అరవై రూపాయలివ్వాలి, ఇంట్లో ఆరు కూడా లేవు. సంగతి బయటికి పొక్కకూడదని నాన్నగారు గొంతు తగ్గించి చెప్పారు. అబద్ధమాడితే బళ్ళో బెత్తం విరిగేలా కొట్టే మనిషి, ఎవరైనా అడిగితే ఉప్పేనని చెప్పమనీ, చెప్పేటప్పుడు మొహం కాస్త చిట్లించమనీ మాకు నేర్పారు. ఊరి కళ్ళకోసం రోజూ కాలవనుంచి ఒక బిందె తెచ్చి కనకాంబరాలకు పోసేవాళ్ళం. నేను తొక్కుడుబిళ్ళ ఆడుతూ ఆడుతూ గట్టు మీద గునపం పట్టుకున్న మనిషి కనిపిస్తే ఒంటికాలి మీదే ఆగిపోయేదాన్ని. అన్నిటికన్నా ఎక్కువగా మా తమ్ముడు బాబి గురించి భయపడేదాన్ని. వాడికి మూడేళ్ళు, బావిలోకి తొంగిచూసి కేకేసి, తన కేక తనకే వినపడితే కిలకిలా నవ్వేవాడు. అక్కడ కూర్చున్న ఉసురే వాడికి బదులు పలుకుతోందని నాకనిపించేది. వాడు అటు వెళ్ళినప్పుడల్లా చొక్కా వెనక గట్టిగా పట్టుకుని నిలబడేదాన్ని.

మూడో వానాకాలంలో, ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం, కోటయ్య వచ్చాడు. అమ్మ బాబిని చంకనేసుకుని పామర్రు సంతకి వెళ్ళింది, నాన్నగారు బళ్ళో ఉన్నారు, నాయనమ్మ నులకమంచం మీద కునుకు తీస్తోంది. మనిషి బాగా చిక్కిపోయాడు, తలకి గోనెసంచి కప్పుకున్నాడు. మేష్టారు వచ్చేదాకా కూర్చుంటానని అరుగు మీద చేరగిలబడి, నావైపు చూశాడు.

"పాపగారూ, కాసిని మంచినీళ్ళు ఇప్పించండి."

ఎవరడిగినా మంచినీళ్ళు లేవనకూడదని మా ఇంట్లో అక్షరాలకంటే ముందు నేర్పారు. వచ్చినవాళ్ళకిచ్చే స్టీలు గ్లాసు తీసుకుని లోపలికెళితే, కుండలో ఉన్నవి బావినీళ్ళు. కాలవ నీళ్ళు చుక్క లేవు, పొద్దున్నే మొక్కలకి పోసేశాం. ఈ నీళ్ళు ఇస్తే ఒక్క గుక్కలో అతనికి అంతా తెలిసిపోతుంది, నాన్నగారు అందరిముందూ అబద్ధాలకోరు అవుతారు. నాయనమ్మ కదిలిందేమోనని ఒకసారి చూసి, ఉప్పు జాడీ మూత తీసి, గుప్పెడు రాళ్ళుప్పు గ్లాసులో వేసి, వేలితో గబగబా తిప్పాను.

అతను మొదటి గుక్క తీసుకుని ఆగాడు. నావైపు చూశాడు. నేను తలుపు చెక్క పట్టుకుని నిలబడ్డాను, అరిచి నాయనమ్మని లేపుతాడనుకున్నాను. అతను మళ్ళీ గ్లాసెత్తి మిగతావి నిదానంగా తాగాడు. అప్పుడే వీధి గుమ్మంలో నాన్నగారి సైకిలు ఆగింది.

కోటయ్య లేచి నిలబడి, తమ్ముడి మీద వర జారిపడి నడుం విరిగిందనీ, బెజవాడ ఆస్పత్రిలో చేర్చాననీ, మిగతా అరవై ఇప్పిస్తే మందులకవుతాయనీ చెప్పాడు. నాన్నగారి మొహం పాలిపోయింది. చొక్కా జేబు తడుముకున్నారు, తలుపు దగ్గరున్న నన్ను చూశారు, అలవాటైన మాటే బయటికొచ్చింది. నీళ్ళు మారలేదనీ, కావాలంటే తాగి చూడమనీ అన్నారు.

"తాగానండీ, మేష్టారూ. ఉప్పగానే ఉన్నాయి," అన్నాడు కోటయ్య.

గ్లాసు అరుగు మీద పెట్టలేదు. పైన అరచెయ్యి కప్పి, నా దాకా వచ్చి, నా చేతిలోనే పెట్టి, గోనెసంచి తలమీదికి లాక్కుని ముసుర్లోకి వెళ్ళిపోయాడు. లోపలికి తెచ్చి చూస్తే గ్లాసు అడుగున కరగని ఉప్పురాళ్ళు అంటుకుని ఉన్నాయి. అవి నాన్నగారి కంట పడకుండా మూసిపెట్టి ఇచ్చాడని అర్థమయ్యేసరికి నాకు ఇంకా భయమేసింది. తిట్టి వెళ్ళినా అంత భయపడేదాన్ని కాదు.

సాయంత్రం నాన్నగారు కంచం ముందు కూర్చుని ముద్ద కలిపి ఆగిపోయారు. తియ్యటి నీళ్ళని అతను ఉప్పని ఎందుకన్నాడో ఆయనకి అంతుపట్టలేదు. అతనికి ఏమిచ్చావని నన్ను అడిగారు. ఏడుస్తూ చెప్పేశాను. బెత్తం కోసం చూశాను, ఆయన లేవలేదు. తప్పు నీది కాదమ్మా అని, చెయ్యి కడిగేసుకున్నారు.

అరవై రూపాయలు అప్పు పుట్టేసరికి పది రోజులు పట్టింది. ఆ పది రోజులూ నేను బాబి చొక్కా వదల్లేదు. పదకొండో రోజు నాన్నగారు నన్ను కూడా బస్సెక్కించి బెజవాడ తీసుకెళ్ళారు. కోటయ్య తమ్ముడి పేరు మాకు తెలీదు. ఫినాయిలు వాసన కొట్టే వార్డుల్లో, మూలుగుల మధ్య, నడుం విరిగిన మనిషి ఎవరైనా ఉన్నారా అని మంచం మంచానికీ అడుగుతూ తిరిగాం. అలాంటివాణ్ణి వాళ్ళన్న నాలుగు రోజుల కిందటే తీసుకెళ్ళిపోయాడని ఒక ఆయా చెప్పింది. ఎక్కడికో ఎవరికీ తెలీదు. ఆ తర్వాత చాలా ఆదివారాలు నాన్నగారు చర్చి నుంచి అటే సైకిలు మీద హనుమాన్ జంక్షన్ దాకా వెళ్ళి, రోడ్డు పక్కన గుడిసెలు వేసుకున్న పనివాళ్ళందర్నీ అడిగొచ్చేవారు. కోటయ్య మళ్ళీ కనిపించలేదు. బాబికి ఏమీ కాలేదు, ఇప్పుడు వాడికి మనవలు. ఆ మనిషి మాకు ఉసురు తగలాలని కోరుకుని ఉండడని తెలుసుకోవడానికి నాకు సగం జీవితం పట్టింది.

పోయినేడు ఆ ఊరు వెళ్ళాను. వరిచేలన్నీ చేపల చెరువులయ్యాయి, ఇండుపగింజ పేరు కొట్లో కుర్రాడు విననే లేదు, బావులు తవ్వే మేస్త్రీలు ఇప్పుడెవరూ లేరు. మా ఇంటి స్థలంలో ఎవరిదో డాబా ఉంది, పెరట్లో ఆ వరలు మాత్రం అలాగే ఉన్నాయి, పైన ఇనప జాలీ వేశారు. నేను తొంగిచూస్తుంటే ఆ ఇంటావిడ బయటికొచ్చింది. "ఆ నీళ్ళు నోట్లో పెట్టుకోలేమండీ. మేష్టారు వాళ్ళున్నప్పటి నుంచీ ఉప్పేనంట, ఊళ్ళో అందరూ అంటారు," అంది.

కాదమ్మా, తియ్యగా ఉండేవి, ఆయన చెప్పినట్టే మారాయి అని చెప్పడానికి నోరు తెరిచాను. నన్ను ఆపడానికి నాన్నగారు లేరు, ఇవ్వాల్సిన అరవై రూపాయలు ఒక లెక్క కాదు, అయినా అరచేతుల్లో అదే చల్లదనం.

"అవునమ్మా, మొదట్నించీ ఉప్పే," అన్నాను.